దేవరకొండకు రెండు కిలోల బియ్యం

యాత్ర అనే మాట మా వాళ్లు పెద్దగా వాడరు. యెరూషలేము చూసొచ్చినవాళ్లు కూడా "ఇశ్రాయేలు టూర్" అనే అంటారు. అమ్మ కూడా అంతే, "కాళ్లు నడిచినన్నాళ్లే కదరా, మన పాత చర్చిలు ఒక్కసారి చూసొద్దాం" అంది. నల్లగొండ, దేవరకొండ, పాలమూరు (మహబూబ్‌నగర్). మూడు రోజుల పని. నవంబరులో ఒక శనివారం పొద్దున్నే బస్సెక్కాం.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. హైదరాబాద్‌లో మా సంఘంలో పన్నెండేళ్లుగా పాటల స్లైడ్లు వేసేది నేనే. పాట మొదలైతే కళ్లు స్క్రీన్ మీద, చెయ్యి మౌస్ మీద. ఆరాధన ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే "సౌండ్ బాగా కుదిరింది" అని చెప్పేవాణ్ని. అందులో తప్పుందని నాకెప్పుడూ అనిపించలేదు. పైగా ఇన్నేళ్ల సేవ కాబట్టి, విశ్వాసంలో బాగానే ఎదిగాననుకునేవాణ్ని.

నల్లగొండలో పాత మిషన్ కాంపౌండ్ చెట్ల కింద అమ్మ చాలాసేపు కూర్చుంది. వాళ్ల తాత బాప్తిస్మం తీసుకున్నది ఈ ఊళ్లోనేనట. రష్యాలోని మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ సంఘం నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో మన దేశానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి ఇక్కడ పనిచేశారు. జర్మన్ మాట్లాడే రష్యావాళ్లు, అమెరికా మిషన్, నిజాం రాజ్యం, వినేవాళ్లది తెలుగు! ఆ రోజుల్లో ఎవరికి ఎవరి మాట ఎంత అర్థమైందో అనుకుంటే నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు. "అర్థమైంది గనకే నువ్వు ఇక్కడున్నవు" అంది.

ఆ రాత్రి మేనమామ ఇంట్లో పడుకుని ఆదివారం తెల్లవారగానే దేవరకొండ బయల్దేరాం. కొండమల్లేపల్లి దగ్గరికి వచ్చేసరికి బస్సు టైరు పంక్చర్. నాకు ఒకటే టెన్షన్, ఆరాధన మొదలైపోతుందని. అమ్మ మాత్రం రోడ్డు పక్క రాయి మీద కూర్చుని సన్నగా కీర్తన పాడుకుంటోంది. ఆమెకు అప్పటికే మొదలైపోయింది.

1908లో వచ్చిన జాన్ వోత్ దంపతుల కాలం నుంచి దేవరకొండ మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్‌కు పెద్ద కేంద్రం. మేం వెళ్లేసరికి రెండో పాట నడుస్తోంది. చెప్పులు విడిచి, అమ్మ కొంగు తలమీదికి లాక్కుని ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుంది. నేను వెనక గోడకు ఆనుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది, మైకులో ట్రెబుల్ ఎక్కువైంది, కీబోర్డు ఒక శ్రుతి, పాట ఒక శ్రుతి అని లోపల లెక్కలు కడుతూనే ఉన్నా. వీడియో తీద్దామని ఫోన్ కూడా ఎత్తాను. పక్కనున్న ముసలాయన ఏమీ అనలేదు గానీ, పాటల పుస్తకం నా వైపు జరిపి వేలితో చరణం చూపించాడు. ఆ పుస్తకంలో సగం పట్టుకోవాలంటే ఫోన్ జేబులో పెట్టక తప్పలేదు.

వాక్యం హెబ్రీ పత్రిక ఐదో అధ్యాయం చివర నుంచి, విశ్వాసంలో ఇంకా పాలు తాగే పసివాళ్లు, బలమైన ఆహారం తినే ఎదిగినవాళ్లు. నిజం చెప్పాలంటే ప్రసంగం కొంచెం పొడుగైంది, మధ్యలో ఫ్యాన్లు లెక్కపెట్టాను.

తర్వాత కానుకలు. ఆడవాళ్లు వరుసగా లేచి, చిన్నచిన్న సంచుల్లో తెచ్చిన బియ్యాన్ని ముందున్న స్టీలు గంగాళంలో పోస్తున్నారు. పిడికెడు బియ్యం. రోజూ పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు, కడిగే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేరు మీద పక్కన పెడతారు, ఆదివారం తెస్తారు. చిన్నప్పుడు చూసిందే, మర్చిపోయాను. ఆ వరుసలో అమ్మ కూడా కనిపించింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక గుడ్డ సంచి తీసి, ముడి విప్పి, వంగి నెమ్మదిగా పోసింది. రెండు కిలోల పైనే ఉంటాయి. అడుగున ఇరుక్కున్న గింజలు కూడా సంచి తిరగేసి దులిపింది.

మా ఫ్లాట్‌లో స్టవ్ పక్కన ఒక పాత హార్లిక్స్ సీసా ఉంటుంది. అందులో బియ్యం పావురాలకని నేననుకునేవాణ్ని. మా చర్చిలో కానుకకు క్యూఆర్ కోడ్ తప్ప బియ్యం తీసుకునే చోటు లేదు, అందుకని సీసా నిండినప్పుడల్లా వాచ్‌మన్ భార్యకు ఇచ్చేదట. ఒకసారి ఇంట్లో సరుకులు నిండుకుంటే ఆ సీసా ఖాళీ చేసి కిచిడీ వండేసింది నేనే. అమ్మ తిన్నది, ఏమీ అనలేదు. మర్నాడు మళ్లీ అడుగున ఒక పిడికెడు కనిపించింది. అవన్నీ ఆ గోడ దగ్గర నిలబడి ఉండగానే గుర్తొచ్చాయి. చివరి పాట నాకూ వచ్చిందే గానీ, గొంతు పెగల్లేదు.

సోమవారం కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. 1937లో బాప్టిస్టుల నుంచి మెన్నోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చిన మిషన్ అది. అప్పటికే అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. కాసేపు ప్రార్థన చేసుకుని సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాం.

ఆ తర్వాతి ఆదివారం నా కుర్చీలో నేనే కూర్చున్నాను. పాట ఎత్తుకున్నారు. నేనూ ఎత్తుకున్నాను. కాసేపటికి క్వయర్‌లో అమ్మాయి తల తిప్పి నా వైపు గుర్రుగా చూసింది. వాళ్లు రెండో చరణం సగానికి వచ్చారు, స్క్రీన్ మీద ఇంకా పల్లవే ఉంది.