విట్‌బీ నల్ల నగల వెనక ఆడవాళ్లు

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని విట్‌బీ అనే చిన్న రేవు ఊరి పేరు చెప్పగానే అక్కడ చాలామందికి గుర్తొచ్చేవి కొండమీద శిథిలమైన అబ్బే (పాత క్రైస్తవ మఠం), దాని దగ్గరికి ఎక్కే 199 మెట్లు, ఫిష్ అండ్ చిప్స్. నేను మాత్రం విక్టోరియా కాలపు నగలు చూద్దామని వెళ్లాను. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడవాళ్లు పెట్టుకున్న నల్ల నగలకి పేరుమోసిన ఊరు ఇదే. మా అమ్మాయి లీడ్స్‌లో ఉంటుంది కాబట్టి ఇద్దరం అక్కడే 840 డబుల్ డెక్కర్ బస్సు ఎక్కాం. యార్క్, మాల్టన్, పికరింగ్ దాటాక బస్సు మూర్స్ అనే బీడు కొండల మీదికి వెళ్తుంది, చెట్టన్నదే కనిపించని గుట్టలు, ఆగస్టు కావడంతో కనుచూపు మేర హెదర్ అనే పొద ఊదారంగు పూలు. మేడమీద ముందు సీటు దొరికితే మాత్రం అస్సలు వదులుకోకండి.

ఆ నల్ల పదార్థాన్ని జెట్ అంటారు. చూస్తే రాయిలా ఉంటుంది గానీ అది కలప, సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట నీళ్లలో పడి, బురద కింద అణిగిపోయిన చెట్లది. చర్చ్ స్ట్రీట్‌లో ఒక కొట్టావిడ పాత బ్రోచ్ ఒకటి నా అరచేతిలో పెట్టింది, పూలదండ పట్టుకున్న ఆడమనిషి చెయ్యి, గోళ్లతో సహా చెక్కారు. అసలు బరువే లేదు, చల్లగా కూడా లేదు. గాజుతో చేసిన నకిలీది ముట్టుకుంటే చల్లగా తగులుతుందట. అసలుదో కాదో తేల్చుకోవడానికి మెరుపు లేని పింగాణీ ముక్క మీద గీస్తారు, ఇంత నల్లటి వస్తువు గోధుమరంగు గీత గీస్తుంది. అదే వీధిలో విక్టోరియా కాలం నాటి వర్క్‌షాప్ ఒకటి ఉంది, కాలితో తొక్కి తిప్పే సానచక్రాలు, బెంచీలు, పనిముట్లు. సాన పట్టేటప్పుడు లేచే దుమ్మంతా పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోయేది. ఎక్కడో లండన్‌లో ఒకావిడ మెడలో తళతళలాడిన గొలుసు కోసం ఇక్కడొకరు దగ్గుతూ బతికారన్నమాట.

ఈ నగలకి ఇంత గిరాకీ రావడానికి అసలు కారణం విక్టోరియా రాణిగారు. 1861 డిసెంబరు 14న ఆమె భర్త ఆల్బర్ట్ చనిపోయాడు, ఆమె 1901లో తను పోయేదాకా నలుపు వదల్లేదు. రాణి కట్టిందే ఫ్యాషన్. భర్త పోయిన ఇల్లాలికి మొదటి ఏడాదీ ఒక రోజూ మెరుపు లేని నల్ల బట్ట, దానిమీద క్రేప్ అనే ముడతల పల్చటి నల్లగుడ్డ. ఈ క్రేప్ వానకి తడిస్తే పాడైపోతుంది, రంగు దిగి ఒంటికి అంటుకుంటుంది, అదీ ఎప్పుడూ వాన పడే దేశంలో! రెండో ఏడాదికి కొంచెం సడలింపు, ఆఖరి నెలల్లో బూడిదరంగు, లేత ఊదా. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 1841 నుంచే శోకవస్త్రాల కోసం ప్రత్యేకంగా జేస్ అనే పెద్ద దుకాణం నడిచిందంటే ఇది ఎంత పెద్ద వ్యాపారమో చూడండి. "మరి భార్య పోయిన మగాళ్లకో?" అని మా అమ్మాయిని అడిగాను. "టోపీకో చేతికో నల్ల పట్టీ కట్టుకుని పనికి వెళ్లిపోయేవాళ్లమ్మా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చినా, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు అయింది. వాళ్లేమో నల్ల నగ పెట్టించారు, మనవాళ్లు ఉన్న నగలు ఒలిచేశారు, బొట్టు చెరిపారు, కొన్ని ఇళ్లలో తల కూడా గొరిగించారు. వాళ్ల శోకానికి గడువంటూ ఒకటి ఉండేది, మన ఆడవాళ్లకి అదీ లేదు.

ఆ తర్వాత లైఫ్‌బోట్ మ్యూజియంకి వెళ్లాం. అదే 1861లో, ఫిబ్రవరిలో, పెద్ద తుపానులో ఓడల్ని కాపాడటానికి పోయిన విట్‌బీ లైఫ్‌బోట్ బోల్తాపడింది. 13 మందిలో 12 మంది పోయారు. బతికింది హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే, నీళ్లలో తేలేలా బెరడుతో చేసిన కొత్త రకం కార్క్ జాకెట్ వేసుకున్నది అతనొక్కడే. రాణి కంటే పది నెలల ముందు ఈ చిన్న రేవులో ఒక్కరోజే ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో! వాళ్లకి క్రేప్ ఎవరు కొనిపెడతారు? చేతిలో డబ్బు ఆడని ఇళ్లలో ఉన్న గౌనుకే నల్లరంగు అద్దకం వేసుకునేవాళ్లు.

పానెట్ పార్క్‌లోని విట్‌బీ మ్యూజియంలో జెట్ నగలు బోలెడున్నాయి. కానీ నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఫ్రాంక్ మెడో సట్‌క్లిఫ్ ఫోటోల దగ్గర. ఈయన విట్‌బీలోనే స్టూడియో పెట్టుకుని ఊరి జనాన్ని తీశాడు. వాటిలో చేపలు పట్టేవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు, మోచేతుల దాకా మడిచిన గౌను చేతులు, ముతక ఏప్రన్, తలకి కట్టుకునే బానెట్ టోపీ, చేతిలో బుట్ట. గాలాలకి ఎర గుచ్చేది వీళ్లే, ఎర కోసం బండల మీద నత్తలు ఏరేది వీళ్లే. మగవాళ్లు వేసుకున్న గాన్సీ అనే నీలం ఉన్ని స్వెట్టర్లు అల్లిందీ ఆడవాళ్లే, ఎక్కడా కుట్టు లేకుండా గుండ్రంగా, ఛాతీ మీద తాళ్లూ వజ్రాల గళ్లూ వచ్చేలా. మ్యూజియాల్లో అద్దాల వెనక మిగిలేవి ఉన్నవాళ్ల గౌన్లే. వీళ్ల బట్టలు పిల్లలకి కుదించి, ఆఖరికి మసిగుడ్డలై అరిగిపోయాయి, అందుకే ఈ ఫోటోలు నాకు ఏ పట్టు గౌను కంటే విలువైనవిగా అనిపించాయి.

1880లకల్లా చవక నకిలీలు ముంచెత్తాయి, జనానికి నలుపంటే మొహం మొత్తింది, జెట్ పని పడిపోయింది. ఇప్పుడు మళ్లీ కొట్లు బాగానే నడుస్తున్నాయి. మా అమ్మాయి చిన్న జెట్ దుద్దులు కొనుక్కుని అక్కడికక్కడే ఎర్ర కుర్తా మీదికి పెట్టేసుకుంది. వెళ్లేవాళ్లు ముందు మ్యూజియం చూసి తర్వాత కొట్లకి వెళ్లండి, ఏది అడగాలో తెలుస్తుంది. సాయంత్రం చివరి బస్సు టైము ముందే చూసి పెట్టుకోండి, అది పోతే చాలా ఇబ్బంది.