బంతి నోరు తెరిచి ఆగుతుంది

మా కుక్కపిల్ల బంతికి మొన్నటితో ఎనిమిది నెలలు నిండాయి. బరువు 29 కిలోలు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే లోపలున్నవాళ్లు ఇప్పటికీ ఓ అడుగు వెనక్కి వేస్తారు. వాళ్లని తప్పు పట్టను. కానీ ఈ పిల్ల మా నాన్న చేతిలోంచి ఇడ్లీ ఎలా తింటుందో వాళ్లు ఒక్కసారి చూస్తే బాగుండు.

నాన్నకి పార్కిన్సన్స్. కుడి చెయ్యి వణుకుతుంది. బంతి వచ్చిన కొత్తలో, ఎదురుగా ఊగుతున్న ఇడ్లీ ముక్కని అందుకోవాలని మూతి అటూ ఇటూ తిప్పేది. ఒకసారి పన్ను వేలికి తగిలింది. నాన్న "అబ్బా" అన్నారు, అంతే. వారం తిరక్కుండా తనే ఓ పద్ధతి కనిపెట్టింది. నాన్న చేతి కిందకి మూతి తెచ్చి, నోరు కొంచెం తెరిచి, కదలకుండా కూర్చుంటుంది. ముక్క ఎప్పుడు జారితే అప్పుడే తింటుంది. కింద పడినా ఎగబడదు, నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాకే వంగుతుంది. ఎవరూ నేర్పలేదు.

దాన్ని శామీర్‌పేట వైపు ఉన్న ఒక షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. తల్లి గ్రేట్ డేన్. ఎవరో ముచ్చటపడి కొనుక్కుని, పెద్దదయ్యాక రోడ్డు పక్కన చెట్టుకి కట్టేసి వెళ్లిపోయారట. అప్పటికే అది కడుపుతో ఉంది. గ్రేట్ డేన్ అంటే జర్మనీలో అడవిపందుల వేటకి పెంచిన జాతి. ఆడది కూడా 50 కిలోలు ఉంటుంది. ఆ సంగతి కొనేముందు తెలుసుకోవద్దా? ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం ఆగదు. తండ్రి మాత్రం వీధికుక్కే అయ్యుంటుంది. బంతి తోక కొడవలిలా పైకి వంపు తిరిగి ఉంటుంది.

షెల్టర్ అమ్మాయి గంటసేపు ప్రశ్నలడిగింది. సొంతిల్లా, అద్దిల్లా? ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా? ఊరెళ్తే ఎవరు చూస్తారు? వయసొచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా? తర్వాత ఇల్లు చూడ్డానికి కూడా వచ్చింది. నాన్న ఒక్కటే అడిగారు, "ఇది ఎంత పెద్దగైతది బిడ్డా?" "మీ నడుము దాకా వస్తది అంకుల్" అంది. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రానీ" అన్నారు. అప్పుడు బతుకమ్మ రోజులు. ఒళ్లంతా బంతిపువ్వు రంగు కాబట్టి ఆ పేరే పెట్టాం.

పెద్ద జాతి పిల్లని పెంచడంలో నాకు తెలియనిది, తెలిశాక భయపడింది ఎముకల గురించి. త్వరగా ఎదుగుతుంది కదా అని షాపతను చెబితే కాల్షియం పొడి కొన్నాను. డాక్టరుగారు చూసి వెంటనే ఆపించారు. ఇలాంటి పిల్లలకి కాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయట, పెద్ద జాతి పిల్లల ఫుడ్‌లోనే సరిపడా ఉంటుందట. బొద్దుగా పెంచొద్దనీ, చెయ్యి వేస్తే పక్కటెముకలు తగలాలనీ చెప్పారు. టైల్స్ మీద కాళ్లు జారకుండా హాలంతా అమ్మ కుట్టిన పాత బొంతలు పరిచాను. అమ్మ పోయి రెండేళ్లయింది. అవి అటక మీదే ఉండిపోయాయి. ఇప్పుడు వాటి మీద నాన్న కుర్చీ, కుర్చీ పక్కన బంతి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్‌కి టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలోకి దింపలేదు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాం. పిడుదుల కోసం రోజూ రాత్రి చెవుల వెనకా, వేళ్ల సందుల్లో వెతుకుతాను. అప్పుడు కూడా కాలు చేతికిచ్చేసి పడుకుంటుంది.

మెట్లు ఎక్కడం దిగడం తగ్గించమన్నారు డాక్టరుగారు. మాది మూడో అంతస్తు. కుక్కని లిఫ్టులో తేవద్దని అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు గొడవ చేశారు. నెల రోజులు మావారు దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని దించారు. అప్పటికే 16 కిలోలు. ఆయనకి నడుం పట్టేసింది. పెంపుడు కుక్కల్ని లిఫ్టులోకి రానివ్వబోమనడం కుదరదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం తీసుకెళ్లి చూపించాం. ఇప్పుడు లిఫ్టులోనే వెళ్తున్నాం. ఎవరైనా భయపడితే మాత్రం మేమే ఆగి తర్వాతి ట్రిప్పులో వెళ్తాం. భయం నిజమే కదా, దాన్ని కొట్టిపారేయలేం.

బంతితో పుట్టిన పిల్లలన్నిటికీ ఇళ్లు దొరికాయి. తల్లి ఇంకా అక్కడే ఉంది. దానికి ఐదేళ్లు దాటాయంటున్నారు. ఈ జాతి పదేళ్లు బతికితే గొప్ప. వచ్చినవాళ్లంతా పిల్లల్నే అడుగుతారట. నాన్న పది రోజులుగా దాని గురించే అంటున్నారు. ఇంట్లో రెండిటికి చోటు లేదని చెప్పాను. "తెమ్మంటలేను, చూసొద్దాం" అన్నారు.

ఆదివారం వెళ్తున్నాం. పొద్దున్నే ఇడ్లీ వేస్తాను, ఉప్పు లేకుండా కొన్ని విడిగా.