చందనం లోపలి అప్పన్న

సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్దామని అమ్మ నాలుగేళ్లుగా అడుగుతోంది. నేను ఉండేది హైదరాబాద్‌లో, ఆషాఢం వచ్చేసరికి ఏదో ఒక పని అడ్డం పడేది. ఈసారి మాత్రం చతుర్దశికి రెండు రోజుల ముందే రైలెక్కేశాను.

కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. మొత్తం 32 కిలోమీటర్లు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం పక్కకి చేరి, అక్కణ్ణుంచి ఊళ్లోకి వచ్చి, మాధవధార, గోపాలపట్నం దాటి మళ్లీ కొండ కిందికి రావాలి. అమ్మకి 63 ఏళ్లు, కాళ్లకి చెప్పులు లేవు. ఆవిడ మోకాళ్ల గురించి నాకు టెన్షన్, నేను పొద్దున్నుంచి సరిగ్గా తినలేదని ఆవిడకి టెన్షన్.

నడుస్తున్నంతసేపూ నాన్న గుర్తొస్తూనే ఉన్నారు. ఆయన తెలుగు మాస్టారు, వేమన అంటే ప్రాణం. రాతిని బొమ్మ చేసి చీకట్లో పెట్టి మొక్కుతారేమిటి, బ్రహ్మం మనసులోనే ఉంది కదా అని వేమన అడిగిన పద్యాన్ని క్లాసులో ఎలా చెప్పేవారో ఇంట్లోనూ అలాగే చెప్పేవారు. అమ్మని కొండ మీదికి తీసుకొచ్చేవారు, గుడి బయట చెట్టు కింద కూర్చునేవారు, లోపలికి మాత్రం వచ్చేవారు కాదు. అమ్మ ఏనాడూ రమ్మని బలవంతపెట్టలేదు, తెచ్చిన ప్రసాదం చేతిలో పెడితే ఆయనా కళ్లకద్దుకునే తినేవారు. నాన్న అన్నది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అలాగని అమ్మ చేసేది వెర్రి అంటే అస్సలు ఒప్పుకోను. ఈ రెండూ నాలో ఎలా ఇముడుతున్నాయో నాకే చాలాకాలం అర్థం కాలేదు.

కొన్నేళ్ల కిందట అక్షయ తృతీయకి నేనొక్కణ్ణే వచ్చాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, అప్పన్న, అంటే సింహాచలం వరాహ నరసింహస్వామి, ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, మనకి కనిపించేది దాదాపు లింగంలా ఉండే చందనపు ముద్ద. వరాహ ముఖం, మనిషి శరీరం, సింహపు తోక, అవన్నీ లోపలే. ఆ ఒక్కరోజే చందనం ఒలిచి నిజరూపం చూడనిస్తారు. క్యూలో ఏడు గంటలు నిలబడ్డాను. తీరా ఎదురుగా వెళ్లాక మూడు నాలుగు సెకన్లు, అంతే. ముఖం ఏది, భుజం ఏది అని వెతుక్కునేలోపే ముందుకి జరిగిపోవాల్సి వచ్చింది, చూడాలన్న ఆత్రంలో దండం పెట్టుకోవడమే మర్చిపోయాను. ఇంటికెళ్లి అమ్మతో చెప్పుకుని బాధపడితే ఆవిడ వేరే ధోరణిలో ఉంది. "పాపం, ఈ ఎండల్లో ఒంటి మీద చందనం లేకుండా అంతసేపు ఉండాలి కదరా ఆయన" అంది.

అమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారీ నిజరూప దర్శనానికి వెళ్లలేదు. వెళ్లాలని కూడా అనుకోలేదట.

పురూరవ చక్రవర్తికి స్వామి పుట్టలో దొరికాడని, తొలగించిన పుట్టమన్నుకి బదులు అంత చందనం పూయమని ఆకాశవాణి చెప్పిందని స్థలపురాణం. నిజరూప దర్శనం అయిన ఆ రాత్రి నుంచే మళ్లీ పూత మొదలవుతుంది, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి, విడతకి మూడు మణుగుల చొప్పున. సానరాళ్ల మీద చెక్కలు పెట్టి రోజుల తరబడి అరగదీస్తారు. దేవుడికి ఒక రూపం చెక్కి, ఆ రూపాన్నే ఇంత కష్టపడి కప్పేసి, కప్పిన ముద్దకే ఏడాదంతా మొక్కేవాళ్లు ఆకారాన్నే దేవుడనుకుంటున్నారని ఎలా అనగలం? అమ్మ గుడికి వెళ్లేది ఆయన్ని చూడ్డానికి కంటే ఎక్కువగా చూసుకోవడానికి. ఇంట్లో ముసలాయన్నో పసిపిల్లాణ్నో చూసుకున్నట్టు.

శ్రీవైష్ణవులు దీన్నే అర్చావతారం అంటారు, స్నానానికీ తిండికీ నిద్రకీ మన మీద ఆధారపడేలా దిగివచ్చిన దేవుడు. వాళ్ల గురువుల్లో ఒకరైన పిళ్ళై లోకాచార్యులు ఒక పోలిక చెప్పారు. మనలోపల ఉన్న అంతర్యామి భూమి అడుగున ఉన్న నీళ్లలాంటివాడట, అవతారాలు వరదొచ్చిన నది, గుళ్లో ఉన్న అర్చామూర్తి ఆ వరద వెళ్లిపోయాక మిగిలిన మడుగు. నీళ్లు లోపల ఉన్నమాట నిజమే, వేమనా నాన్నా చెప్పింది అదే. కానీ తవ్వే ఓపిక లేనివాడికి దాహం వేస్తే మడుగే దిక్కు.

హనుమంతవాక దాటాక అమ్మ కుంటడం మొదలుపెట్టింది. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర పంచుతూనే ఉన్నారు. ఒకచోట పద్దెనిమిదేళ్లు కూడా ఉండని కుర్రాడు బకెట్‌లో నీళ్లు పెట్టుకుని నడిచేవాళ్ల కాళ్ల మీద మగ్గుతో పోస్తున్నాడు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, పాదం తన మోకాలి మీద పెట్టుకుని, మడమలో దిగిన చిన్న గాజుపెంకు గోళ్లతో లాగి తీశాడు. నీళ్లు పోసి రక్తం తుడిచి, ఆ తడి పాదాలకి రెండు చేతులూ ఆనించి "అప్పన్నా" అని కళ్లకద్దుకున్నాడు. అమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టింది. నాన్న ఉండుంటే ఆ కుర్రాణ్ణి చూసి చెట్టు కిందనుంచి లేచి వచ్చేవారని నాకు గట్టిగా అనిపించింది. రాయి ముందు పాలు పారబోసి గుమ్మంలో ఆకలితో ఉన్నవాణ్ణి తరిమేసే మొక్కు మీదే కదా ఆయన కోపమంతా.

తిరిగి కొండ కిందికి చేరేసరికి రాత్రి రెండు దాటింది. కాసేపు నడుం వాల్చి, తెల్లవారాక పైకెళ్లాం. పౌర్ణమి, నాలుగో విడత చందనం. లోపల ఈసారి నేను ముఖం ఎక్కడ, భుజం ఎక్కడ అని వెతకలేదు. దీపం వెలుగులో తడి ఆరని లేత పసుపురంగు ముద్ద, ముక్కుకి తగిలే వాసన.

బయటికొచ్చాక కప్పస్తంభం దగ్గర ఆగి అమ్మ అంది, "ఇప్పుడు నిండుగా ఉన్నాడురా. ఇంక చల్లగా ఉంటాడు." బస్సులో కూర్చోగానే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.