గట్టు మీద చావని మొక్క

మొన్న టెక్కలి దగ్గర మా ఊరెళ్లి, పనిమంతురాలిలా వంగమడిలో కలుపు పీకి గట్టు మీద పడేశాను. నాలుగు రోజులైనా అందులో ఒకటి వాడలేదు సరికదా, పసుపు పూలు పూసింది! నానమ్మ చూసి, "ఓలమ్మ, గంగవాయిల కూర పారేసినావేటే!" అంది.

ఎర్రటి కాడ గోటితో గిల్లితే అంతా నీరే, జిగురు. నూటికి 93 వంతులు నీళ్లే మరి. పాలు కారితే మాత్రం అది వేరే మొక్క, తినకూడదు. కాయ ఇంకా చిత్రం, బుల్లి కుంకుమ భరిణె. మూత ఊడితే లోపల ఆవగింజ కన్నా చిన్న నల్ల గింజలు. నీటి ఎద్దడి వస్తే ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. అందుకే పొద్దున కోసిన ఆకు పుల్లగా ఉంటుంది.

చేపల్లో ఉంటుందని చెప్పుకునే ఒమేగా-3లో ఒక రకం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, ఇందులో ఉంది. విటమిన్ సి, మెగ్నీషియం సరేసరి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి పడని పొటాషియం, ఆక్సలేట్లు కూడా ఎక్కువే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న మావయ్యకి ఓ కట్ట పంపబోయి, అది గుర్తొచ్చి టెన్షన్ పడి ఆగిపోయాను.

నానమ్మ పప్పులో వేసింది. చింతపండు సగమే పట్టింది. వంగమడిలో అప్పుడే మళ్లీ మొలిచింది.