క.సా.గు. లెక్కలో ఒక సంగీతం

చెప్పులు బయట విడిచి కంప్యూటర్ రూమ్‌లోకి వెళ్లిన బ్యాచ్‌ల వాళ్లకి, విండోస్ 95 ఆన్ అయ్యేటప్పుడు వచ్చే ఆ చిన్న సంగీతం గుర్తుండే ఉంటుంది. అది కట్టినాయన పేరు బ్రయాన్ ఈనో. మూడుంపావు సెకన్ల ముక్క కావాలని అడిగితే 84 రకాలు చేశానని ఆయనే చెప్పాడు. అదీ పోటీ కంపెనీ యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్ మీద!

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికలో అందరూ మాస్టార్ల గురించి రాస్తుంటే నేను ఈయన్ని పట్టుకోవడానికి కారణం మా లెక్కల మాస్టారే. అది తర్వాత చెప్తాను.

ఈనో 1948లో ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి పోస్ట్‌మన్. చదివింది ఆర్ట్ స్కూల్లో. 1971లో రాక్సీ మ్యూజిక్ బ్యాండ్‌లో సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) పట్టాడు, రెండేళ్లకే బయటికొచ్చేశాడు. 1975లో యాక్సిడెంటై మంచాన పడ్డప్పుడు ఒక స్నేహితురాలు హార్ప్ అనే తీగల వాద్యం రికార్డు తెచ్చిచ్చింది. సౌండ్ మరీ తక్కువ, ఒక స్పీకర్ పలకట్లేదు, లేచి సరిచేసే ఓపిక లేదు. బయట వాన. ఆ చప్పుడులో కలిసిపోయి వినబడ్డ సంగీతంతోనే, సంగీతం ఎలా వినాలన్న తన ఆలోచన మారిందంటాడు. చెప్పగా చెప్పగా కాస్త నగిషీ పడ్డ కథేమోనని నాకు అనుమానం.

అసలు విషయం 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' ఆల్బమ్. అందులో రెండో ముక్కకి వాద్యాల్లేవు. గొంతులతో ఒక్కో స్వరాన్ని సాగదీసి పాడించి, ఒక్కోదాన్ని రికార్డు చేసిన టేపుని రెండు కొసలూ కలిపి, ఆగకుండా తిరిగే చుట్టగా అతికించాడు. ఆ టేపులు ఎంత పొడవంటే, జర్మనీ స్టూడియోలో అల్యూమినియం కుర్చీల చుట్టూ తిప్పాల్సి వచ్చింది. ఆయన గుర్తు చేసుకున్న లెక్క ప్రకారం ఒక చుట్ట 23½ సెకన్లకోసారి తిరిగొస్తుంది, ఇంకోటి సుమారు 25⅞, మూడోది 29 15/16.

ఇది చదవగానే మాస్టారు బోర్డు మీద రాసిన లెక్క గుర్తొచ్చింది. మూడు గుడి గంటలు 9, 12, 15 నిమిషాలకోసారి మోగితే మళ్లీ ఎప్పుడు కలిసి మోగుతాయి? 180 నిమిషాలకి. ఈనో చుట్టలకీ కాగితం మీద అలాగే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టి చూశాను. దాదాపు 27 రోజులు! అంటే ఆ మూడు గొంతులు మొదట కలిసినట్టే మళ్లీ కలవాలంటే నెల గడవాలి. ఆయన టేపులు వదిలేసి పక్కన కూర్చున్నాడు, మిగతాది లెక్కే చూసుకుంది.

రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ, యూ2 బ్యాండ్ లాంటి పెద్దవాళ్లతో చేసినవి అందరికీ తెలిసినవే. 2008లో పీటర్ చిల్వర్స్‌తో కలిసి 'బ్లూమ్' అనే ఫోన్ యాప్ చేశాడు. వేలితో తడితే స్వరాలు పుట్టి, మెల్లగా మారుతూ తిరిగొస్తుంటాయి. 2023లో ఇటలీలోని కళల సంస్థ వెనిస్ బియనాలే ఆయనకి సంగీతంలో గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చింది.

మన సమ్మేళనం రోజు భోజనాల దగ్గర ఈ ఎయిర్‌పోర్ట్ సంగీతం పెడదామని బ్యాచ్ గ్రూపులో అడిగాను. "పాట ఎప్పుడు మొదలవుతుందిరా?" అన్నారు. సన్నాయి మేళం ముందే మాట్లాడేశారట.