మా అమ్మాయి జాబితాలో మౌలాలి గుట్ట

ఏటా నవంబరు చివరి వారంలో మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం వెలుస్తుంది. పదహారేళ్ల మా పెద్దమ్మాయి ఆ ఏడాది తనకు బాగా నచ్చిన పది ఆల్బమ్‌ల పేర్లు వరసగా రాసి అయస్కాంతంతో అంటిస్తుంది. డిసెంబరు 31 దాకా ఆ పేర్లు పైకీ కిందికీ కదులుతూనే ఉంటాయి. నిండా కొట్టివేతలు, బాణం గుర్తులు. మా నాన్న కిరాణా చిట్టా కూడా ఇంత గజిబిజిగా ఉండేది కాదు.

షరతులు మాత్రం కఠినం. ఆల్బమ్ ఆ ఏడాదిలోనే విడుదలై ఉండాలి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా, వరస మార్చకుండా, మధ్యలో ఆపకుండా కనీసం మూడుసార్లు విని ఉండాలి. 2024లో గాయని బిల్లీ ఐలిష్ ఆల్బమ్‌కు అంత పై చోటు ఎందుకని అడిగితే, పాటల సంగతి తర్వాత చెప్పింది. ముందుగా ఒక్క పాటనూ విడిగా వదలకుండా పదింటినీ ఒకేసారి చేతిలో పెట్టిందని మెచ్చుకుంది. బియాన్సే ఆల్బమ్ ‘కౌబాయ్ కార్టర్’ 27 ట్రాకులు, 78 నిమిషాలు. అమెరికాలో, ఫ్రిస్కోలోని మా ఇంటి నుంచి విమానాశ్రయానికి వెళ్లి వస్తూ నేనూ మొత్తం విన్నాను. మధ్యలో ఫోను మాట్లాడాను కాబట్టి అది విన్నట్టు లెక్క కాదట.

నా బాధ వేరు. ఆ పదింట్లో తెలుగు ఒక్కటీ ఉండదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టి, ఆదివారాలు తెలుగు బడికి తిప్పి, గుణింతాలు దిద్దించిన తల్లిని నేను. ఆ కాగితం చూసినప్పుడల్లా పరీక్ష తప్పినది నేనే అనిపించేది. ఉండబట్టలేక అడిగేశాను. "సినిమా పాటలు కారులో గంతులేస్తూ వింటావు కదా, వాటికి ఇక్కడ చోటు లేదా?"

"అవి పాటలమ్మా, ఆల్బమ్ కాదు. సినిమా తీసేస్తే ఆ ఐదు పాటలకూ ఒకదానితో ఒకదానికి ఏమిటి చుట్టరికం?"

చుట్టరికం అన్న మాట దాని నోట వచ్చినందుకు మురిసిపోయి వాదన మరిచిపోయాను.

తర్వాత ఆలోచిస్తే, అది అన్నదాంట్లో అబద్ధం లేదు. మేము పెరిగిన రోజుల్లో క్యాసెట్‌కు ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా ఉండేవి. నచ్చిన పాటలన్నీ చీటీ రాసి ఇస్తే కొట్టువాడు ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. చీటీలో మనం రాసిన వరస ఎప్పుడూ దక్కేది కాదు. అరవై నిమిషాల క్యాసెట్‌కు వైపుకు ముప్పై నిమిషాలు. చివర మిగిలిన జాగాలో ఏది పడితే అది. ఒక ఘంటసాల పాట రెండో చరణం నాకు ఈనాటికీ రాదు. అక్కడ టేపు అయిపోయింది మరి.

అయినా ఓటమి ఒప్పుకోవడం ఇష్టం లేక, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినే రికార్డులు మనకూ ఉన్నాయని చెప్పాను. సుబ్బులక్ష్మి సుప్రభాతం అన్నాను. "అది సంస్కృతం" అంది. అప్పుడు ఘంటసాల భగవద్గీతను బయటికి తీశాను. శ్లోకం సంస్కృతమైనా తాత్పర్యం తెలుగు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారనీ, ఆ రికార్డు ఆ తర్వాతే విడుదలైందనీ చెప్పేసరికి దాని కళ్లు మెరిశాయి. కళాకారుడు పోయాక వచ్చిన ఆఖరి ఆల్బమ్ అంటే వీళ్లకు మహా మోజు.

ఒక్క సంగతి చెప్పడం మరిచాను. మన ఊళ్లలో ఆ గొంతు ఎప్పుడు వినిపిస్తుందో చెప్పలేదు.

డిసెంబరులో హైదరాబాద్ వచ్చాం. మల్కాజిగిరిలో మా అమ్మానాన్నల ఫ్లాటు. మూడో రోజు తెల్లవారుజామున, అమెరికా గడియారంతో నిద్ర పట్టని మా అమ్మాయి, తాతయ్యకు వినికిడి తక్కువ కదా అని పెద్ద స్పీకరు హాల్లో పెట్టి, గీత మొదలుపెట్టింది. నేను మంచి నిద్రలో ఉన్నాను. పది నిమిషాలు కాకముందే తలుపు దబదబా కొట్టారు. ఎదురు ఫ్లాటు ఆయన, వెనక ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ వెనక వాచ్‌మన్. తలుపు తీసింది ఎనభై ఆరేళ్ల మా నాన్నే. ఆ ముగ్గురి ముఖాలూ చూసి, లోపలి గొంతు విని, ఆయనకు విషయం అర్థమైంది.

"ఇంకా లేదు, లోపలికి రండి. కాఫీ తాగుతూ విందాం" అన్నారు.

మా అమ్మ మాత్రం పొద్దెక్కేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మా అమ్మాయికి జరిగింది వివరించి చెప్పేసరికి నాకు తలప్రాణం తోకకు వచ్చింది. వైకుంఠ రథం అన్న మాటకు ఇంగ్లీషులో ఏం చెప్పాలి? "మరి అంత మంచి ఆల్బమ్‌ను ఎవరైనా పోతేనే ఎందుకు వింటారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జాబితాలో దానికి చోటూ దొరకలేదు. విడుదలైన ఏడాది షరతు.

కానీ ఆ కాఫీలతో తాతయ్యకు దాని జాబితా మీద ఆసక్తి పుట్టింది. మొత్తం చదవమన్నారు. ఐదో పేరు ఆరూజ్ ఆఫ్తాబ్, ‘నైట్ రెయిన్’. నేను ఇన్నాళ్లూ రాత్రి వాన అనుకుంటున్నాను. కాదట, రాత్రి ఏలుబడి అట. లాహోర్ మూలాలున్న గాయని, అమెరికాలో ఉంటుంది. తొమ్మిది పాటలు, కొన్ని ఉర్దూలో. వాటిలో ‘న గుల్’ అనే పాట పాత కవిత్వమనీ, రాసినావిడ పేరు మాహ్ లఖా బాయి చందా అనీ మా అమ్మాయి చదివింది. హైదరాబాద్ అన్న మాట దగ్గర ఆగి నా వైపు చూసింది. నేను మా నాన్న వైపు చూశాను.

పోలీసు చర్య నాటికి నాన్నది నాలుగో తరగతి, ఉర్దూ మీడియం. ఆ లిపి ఆయనకు ఇప్పటికీ వచ్చు. స్పీకరు దగ్గరికి కుర్చీ జరుపుకుని కళ్లు మూసుకుని విన్నారు. "గుల్ అంటే పువ్వు. గుల్‌మొహర్‌లో గుల్ అదే" అని మనవరాలికి చెప్పారు. తర్వాత మామూలుగా, పాలవాడి బాకీ గురించి చెప్పినట్టు, "ఆవిడ సమాధి మౌలాలి గుట్ట కిందే ఉంది" అన్నారు.

మౌలాలి గుట్ట! బాల్కనీలో నిలబడి చూస్తూ పెరిగిన గుట్ట. "ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదేమిటి నాన్నా?" అంటే, "అప్పట్లో నువ్వు ఎంసెట్‌కు చదువుతున్నావు కదమ్మా" అన్నారు. ఎత్తిపొడుపో నిజమో ఆయన ముఖం చూసి చెప్పలేం.

మర్నాడు మేమిద్దరం ఆటోలో వెళ్లాం. నాన్నకు మోకాళ్లు సహకరించవు. కాపలాదారు గేటు తీశాడు. బయట అంత రద్దీ, లోపల గోడల మధ్య తోట, వంపుల పందిరి కింద సమాధి. 1768లో పుట్టి 1824లో పోయిన మనిషి. కవయిత్రి, నర్తకి, నిజాం కొలువులో పలుకుబడి గల స్త్రీ. తల్లి సమాధి ఉన్న ఆవరణలోనే తనకూ చోటు చూసుకుంది. శిథిలమైపోతుంటే 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో బాగుచేశారట. మన పన్నులేనా, అంది మా అమ్మాయి. కావచ్చు.

మెట్టు మీద కూర్చుని ఇయర్‌ఫోను ఒకటి నాకిచ్చింది. ‘న గుల్’ ఒక్కటీ పెడుతుందనుకున్నాను. మొదటి పాట నుంచి మొదలుపెట్టింది. మాటలు నాకు సగం కూడా అందలేదు. ఆవిడ కవిత వచ్చినప్పుడు మాత్రం వేలెత్తి సమాధి వైపు చూపించింది, అంతే. ఎండ మా కాళ్ల దాకా వచ్చింది. నా సంచిలో ఫోను రెండుసార్లు మోగింది, తీయలేదు.

గేటు దగ్గర ఆటో అతను హారన్ కొట్టి, ఇంకా ఎంతసేపని కేకేశాడు.

"ఇంకా రెండు పాటలున్నాయి" అన్నాను.