డైస్ దొరుకుతాయి, ఆదివారమే దొరకదు

బల్ల మీద ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలో ఒకళ్ళు మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు, ఏం జరుగుతుందో తేలని చోట డైస్ వేస్తారు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చిన దగ్గర్నుంచి ఆట మూలం ఇంతే. లావుపాటి పుస్తకాలు చూసి కొత్తవాళ్ళు జంకుతారు గానీ, రూల్స్ కష్టమని మానేసేవాళ్ళు తక్కువ. తేదీ కోసం చూసి చూసి, తన వంతు కోసం చూసి చూసి, రూలు వెతికేవాడి మొహం చూసి చూసి మానేస్తారు. విజయవాడలోనో గుంటూరులోనో నలుగురు స్నేహితులు కలిసి ఆడాలనుకుంటే ముందు ఈ ఎదురుచూపుల సంగతి తేల్చుకోవాలి.

తేదీతో మొదలుపెడదాం. మాస్టర్ ఎలాగూ ఉంటాడు, ఆటగాళ్ళు నలుగురు, ఒక్కొక్కరికి ఆ ఆదివారం కుదిరే అవకాశం నూటికి 80 అనుకోండి. నలుగురూ వస్తేనే ఆట అంటే అది జరిగే అవకాశం 41 శాతమే. ముగ్గురొచ్చినా ఆడేద్దాం అంటే 82 శాతం అవుతుంది. ఆ ఒక్క ఒప్పందంతో ఆటలు రెట్టింపు. అందుకని గ్రూపులో "ఎప్పుడు కుదురుతుంది?" అని అడగడం మానేసి, నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, మధ్యాహ్నం 3 గంటలకని ముందే గీసేసుకోవాలి. రానివాడి పాత్రకు జ్వరమొచ్చి సత్రంలో పడుకుందంటే సరిపోతుంది. ఆ పాత్రను ఇంకొకరు ఆడటం మాత్రం వద్దు. అది చచ్చిపోతే ఆ తగువు తీర్చడం ఎవరి తరమూ కాదు.

పెద్ద కథ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పంచాంగం చూసి తేల్చుకోవచ్చు. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠాలు పెళ్ళిళ్ళకు పోతాయి. సంక్రాంతికి ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోతారు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల ఇంట్లో ఆట పెట్టుకుంటే సగంమంది దారిలోనే ఆగిపోతారు. ముహూర్తాలుండని ఆషాఢం, భాద్రపదం మనకి శుభ మాసాలు. గుంటూరు నుంచి విజయవాడ వచ్చేవాళ్ళుంటే 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం, వారధి దగ్గర ట్రాఫిక్ కలిపి గంట వేసుకోవాలి. వాళ్ళు తిరిగి వెళ్ళాలి గనుక 7 గంటలకు ఆపుతామని చెప్తే 7 గంటలకే ఆపాలి. 3 నుంచి 7 దాకా అన్నా చేతికొచ్చే ఆట మూడు గంటలే. మొదటి అరగంట కబుర్లకు పోతుంది, పోనివ్వండి. దాన్ని ఆపబోతే ఆ కబుర్లే ఆట మధ్యలో బయటికొస్తాయి.

సామాను విషయానికొస్తే ఏడు డైస్‌ల సెట్టు ఆన్‌లైన్‌లో వస్తుంది: 4, 6, 8, 12, 20 ముఖాలవి ఒక్కొక్కటి, 10 ముఖాలవి రెండు. రెండో 10 ముఖాల దాని మీద 00, 10, 20 అని ఉంటుంది, రెండూ కలిపి వేస్తే నూటికి లెక్క. ఇద్దరికి ఒక సెట్టు చాలు. డీ20, అంటే 20 ముఖాల డైస్, ఒక్కటే తలా ఒకటి ఉంటే మంచిది, ఎక్కువసార్లు వేసేది అదే కాబట్టి. అది లేనప్పుడు ఒక డీ10, ఒక మామూలు లూడో పాచిక కలిపి వేయండి. పాచిక 1 నుంచి 3 పడితే డీ10 అంకె ఉన్నదున్నట్టు (0 పడితే 10గా) తీసుకోవాలి, 4 నుంచి 6 పడితే దానికి 10 కలపాలి. 20 చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకోవచ్చు గానీ తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి వేసి కలపాలి. అది మరిచిపోతే నాలుగో వంతుకల్లా అవకాశాలన్నీ మారిపోతాయి. గవ్వలతో ఆడదామని సరదాపడేవాళ్ళకు ఒక మాట: గవ్వ బోర్లా పడటం, వెల్లకిలా పడటం సరిసమానం కాదు. ఆ గవ్వలు, చింతపిక్కలు హిట్ పాయింట్ల (పాత్రకు ఇంకా మిగిలిన ప్రాణం) లెక్కకు వాడుకోండి, కంటికి కనబడుతూ బాగుంటాయి. డైస్ సోఫా కిందకి దొర్లకుండా అంచున్న స్టీలు పళ్ళెంలో వేయాలి, కింద నాప్కిన్ పరవాలి. పరవకపోతే రాత్రి పూట ఆ చప్పుడుకి పక్క వాటా వాళ్ళు తలుపు కొడతారు.

యుద్ధరంగానికి చార్ట్ పేపరు. మామూలు షీటు 22 అంగుళాలకు 28 అంగుళాలు. పుస్తకాల్లో అంగుళం గడి, గడికి 5 అడుగులు అని ఉంటుంది. ఆ కొలతకు కొన్న బొమ్మలుంటేనే అది పనికొస్తుంది. మన ఇళ్ళలో ఉండేవి క్యారమ్స్ కాయిన్లు, వాటి అడ్డం 3 సెంటీమీటర్ల పైన. అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లే కదా, పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి తోసేస్తాయి. 3.5 సెంటీమీటర్ల గడులు గీయండి. షీటుకు అడ్డం 16, పొడుగు 20 గడులొస్తాయి, అంటే 80 అడుగులకు 100 అడుగుల స్థలం. తెల్ల కాయిన్లు మనవాళ్ళు, నల్లవి శత్రువులు, ఎర్రది వాళ్ళ నాయకుడు. నల్లవాటి మీద చిన్న స్టిక్కరు అంటించి అంకెలు రాయకపోతే ఏ గోబ్లిన్‌కి (ఆటలో చిన్నపాటి రాక్షసుడు) ఎంత దెబ్బ తగిలిందో రెండో రౌండుకే మరిచిపోతారు. రెండు గడులకు రెండు గడులు ఆక్రమించే పెద్ద జీవానికి స్ట్రైకరు పెట్టొచ్చు, ఇంట్లో ఉంటే కొండపల్లి ఏనుగుని పెట్టొచ్చు. ఏనుగు దిగిందంటే బల్ల దగ్గర అందరూ ముందుకు వంగుతారు.

మే నెలలో అసలు శత్రువు ఫ్యాను. అయిదులో పెట్టకపోతే కూర్చోలేం, పెడితే పాత్రల వివరాలు రాసుకున్న క్యారెక్టర్ షీట్లు ఎగిరిపోతాయి. పరీక్ష అట్టలు తలా ఒకటి కొనిపెట్టుకుంటే తీరిపోతుంది. మిరపకాయ బజ్జీలు, పునుగులు బల్ల మీదకు రానివ్వకండి. నూనె అంటిన కాగితం మీద పెన్సిల్ రాయదు, రబ్బరుతో చెరిపితే నల్లగా అలుక్కుపోతుంది. సగంలో పావుగంట విరామం ఇచ్చి, తిని, చేతులు కడుక్కుని రావడమే పద్ధతి.

రూల్స్ పుస్తకం కొనకుండానే మొదలుపెట్టొచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ మూల నియమాల పత్రం, అందరూ ఎస్ఆర్‌డీ అనేది, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందకు వచ్చింది, ఉచితంగా దించుకోవచ్చు. అందులోంచి మాస్టర్ ఒక్క పేజీ తెలుగులో రాసి జిరాక్సు తీసి పంచితే సగం ఎదురుచూపు పోతుంది. ఆ పేజీలో ఉండాల్సింది ఎంతో లేదు. పాత్ర సామర్థ్యం (బలం, తెలివి లాంటివి) అంకెలోంచి 10 తీసి సగం చేస్తే బోనస్ (అర మిగిలితే కిందికి దింపాలి), దానికి నేర్చిన పని అయితే మొదట్లో మరో 2, డీ20 వేసి కలపాలి, సులువైన పనికి 10, మధ్యరకానికి 15, కష్టానికి 20 దాటాలి లేదా సమానం కావాలి. ఆట జరుగుతుండగా రూలు గుర్తురాకపోతే మాస్టర్ ఒక నిమిషంలో ఏదో ఒకటి తేల్చేసి, కాగితం మీద రాసుకుని, ఆట అయ్యాక చూసుకోవాలి. బల్ల దగ్గర పీడీఎఫ్ తెరిచిన వెంటనే మిగతా ముగ్గురూ ఫోన్లు తీస్తారు.

కొత్త మాస్టర్లు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది: ఒకే పనికి పదేపదే డైస్ వేయించడం. కోటలోకి దొంగచాటుగా దూరాలి. గోడ ఎక్కడానికి ఒకటి, కాపలావాడిని దాటడానికి ఒకటి, తాళం తీయడానికి ఒకటి అన్నారనుకోండి. లక్ష్యం 15, బోనస్ 5 ఉన్నవాడికి ఒక్కోసారి గెలుపు 55 శాతం, మూడూ గెలవడం 17 శాతం. పథకం ఎంత బాగా వేసినా ఓడిపోతుంటే ఆటగాళ్ళు పథకాలు వేయడమే మానేసి తలుపులు తన్నడం మొదలుపెడతారు. ఒక్కసారే వేయించండి. పక్కవాడు సాయపడ్డాడంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు, అప్పుడు అదే 55 శాతం 80 దగ్గరికి వస్తుంది. అసలు కథ ముందుకు సాగడానికి తప్పనిసరి అయిన ఆధారం ఏదైనా ఉంటే దానికి డైసే వద్దు, ఇచ్చేయండి. ఎంతసేపట్లో దొరికింది, ఎవరి కంటపడ్డారు అనేదానికి వేయించండి.

అలాగే "1 పడితే కత్తి జారి నీ కాలి మీదే పడింది" అనే ఇంటి రూలు. నవ్వొస్తుంది, నిజమే. కానీ 1 పడే అవకాశం ప్రతి డైస్‌కీ 5 శాతం. ఒక వంతులో నాలుగుసార్లు కొట్టగలిగే ఆరితేరిన యోధుడికి కనీసం ఒకటైనా 1 పడే అవకాశం 18 శాతం దాటుతుంది. అనుభవం పెరిగేకొద్దీ కాలు కోసుకోవడం ఎక్కువవుతుందన్నమాట. ఆ రూలు తీసేయడమే నయం.

మొదటి యుద్ధం ఎందుకు బెడిసికొడుతుందో కూడా లెక్కలోనే ఉంది. నలుగురు మొదటి లెవెల్ పాత్రల మీదకు నాలుగు గోబ్లిన్లను తోలడం సమానమే కదా అనిపిస్తుంది. అయిదో ఎడిషన్ 2014 రూల్స్ ప్రకారం అది ప్రాణాంతకం కిందకు వస్తుంది. ఒక్కో గోబ్లిన్ 50 అనుభవ పాయింట్లు, నాలుగుకు 200, గుంపుగా వచ్చాయి గనుక రెట్టింపు చేస్తే 400. ఆ నలుగురికీ ప్రాణాంతకం హద్దు సరిగ్గా 400. మాంత్రికుడికి ఏడెనిమిది హిట్ పాయింట్లుంటాయి, గోబ్లిన్ దెబ్బ సగటున 5, రెండు తగిలితే నేల మీదే. ముందు రెండు గోబ్లిన్లు, రెండు రౌండ్ల తర్వాత ఇంకో రెండు రానివ్వండి. సగం చచ్చాక మిగతావి పారిపోవాలి. ఎవరు గెలిచారో తేలిపోయాక కూడా చివరి గోబ్లిన్ చివరి పాయింటు దాకా కొట్టుకుంటూ కూర్చోవడమంత నీరసం ఇంకోటి లేదు.

వంతుల లెక్క ఇలా ఉంటుంది: అయిదుగురు తలా రెండు నిమిషాలు ఆలోచిస్తే, మాస్టర్‌కు మూడు, రౌండుకు 13 నిమిషాలు, నాలుగు రౌండ్లకు 52. ఆ గంటలో ఒక్కొక్కరు ఆడేది 8 నిమిషాలే. ముగ్గురు తలా ఒక నిమిషం, మాస్టర్‌కు రెండు అయితే రౌండు 5 నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ముగ్గురు, మహా అయితే నలుగురు. వరుస అందరికీ కనబడేలా పేర్లు రాసిన బట్టల క్లిప్పులు అట్టముక్కకు తగిలించి, "ఇప్పుడు నువ్వు, తర్వాత నువ్వు" అని ఇద్దరి పేర్లూ పిలవాలి. తగిలిందో లేదో చూసే డైస్, దెబ్బ డైస్ కలిపి ఒకేసారి వేయాలి.

యుద్ధాలంటే విసుగు ఉన్న గుంపుకు ఆట మార్చి చూడండి. కాల్ ఆఫ్ క్తుల్హూ (1981) లాంటి పరిశోధన ఆటలో నైపుణ్యం నూటికి లెక్క. "గ్రంథాలయం 45" అంటే 45 లేదా తక్కువ పడాలి. నూటికి ఇంత అనడం మనకు అలవాటే కాబట్టి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. రెండు మామూలు పాచికలతో ఆడే ఆటలూ ఉన్నాయి: 6 లేదా తక్కువకు చిక్కు, 7 నుంచి 9కి పని అవుతుంది గానీ ఏదో పోతుంది, 10 లేదా ఎక్కువకు పూర్తి గెలుపు. బోనస్ 1 ఉంటే ఇవి వరుసగా 28, 44, 28 శాతం. ఎక్కువసార్లు పడేది మధ్యదే కనుక "అయితే ఏం పోయింది?" అన్న ప్రశ్న నుంచి కథ దానంతటదే పుడుతుంది. ఒక్క సాయంత్రంలో ముగించాలంటే ఇదే మేలు.

ఇక తెలుగులో ఆడటం. రూల్స్ ఇంగ్లీషువి గనుక మాటలూ ఇంగ్లీషులోకే జారిపోతుంటాయి, పోనీలే అనుకుంటారు. పోగొట్టుకునేది చాలా ఉంది. "లోపల ఎవరో ఉన్నారు" అన్నప్పుడు ఒకరా పదిమందా, ఆడా మగా, పెద్దా చిన్నా ఏదీ బయటపడదు. దీపం పట్టుకుని తొంగిచూసినవాడికే తెలుస్తుంది. దారి చూపేవాడు ఇన్నాళ్ళూ "మనం వెళ్దాం" అంటూ వచ్చి ఒక్కసారి "మేం వెళ్తాం" అని జారాడంటే వాడు ఎవరి మనిషో డైస్ అక్కర్లేకుండా పట్టేయొచ్చు. ఆ ఆధారం చెవిన పడ్డ ఆటగాడి మొహం చూడాలి. "నువ్వెవడ్రా" అన్న కాపలావాడు ఉంగరం చూసి "తమరా" అంటే ఆ ఉంగరం విలువ వేరే చెప్పనక్కర్లేదు. క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి "గది మధ్యలో, దీపం పక్కన, మీకు వీపు పెట్టి, మీ నాన్నగారు" అని ఆగితే నలుగురూ ఊపిరి బిగపడతారు. గ్రాంథికం మాత్రం ఒక్క దెయ్యానికో, ఒక్క శాసనానికో దాచుకోండి. రాజులందరూ గ్రాంథికం మాట్లాడితే పది నిమిషాల్లో అది నాటకం ఎగతాళిలోకి దిగుతుంది.

పాత్రలకు ఇంటిపేర్లు పెట్టొద్దు. మన దగ్గర ఇంటిపేరు వినగానే కులం లెక్కేస్తారు, ఆ తర్వాత దొంగ ఎవరైనా దుర్మార్గుడు ఎవరైనా బల్ల దగ్గర ఎవరికో గుచ్చుకుంటుంది. ఊరిపేరు, వృత్తిపేరు చాలు. స్థలాలు మనవే తీసుకుంటే వర్ణన తగ్గుతుంది. అంతస్తులు అంతస్తులుగా కొండను తొలిచి, లోపల పడుకున్న విష్ణుమూర్తి ఉన్న ఉండవల్లి గుహలను మించిన గుహ పటం ఎక్కడ దొరుకుతుంది? కొండపల్లి కోట, కొండవీడు కోట ఉండనే ఉన్నాయి. చిక్కేమిటంటే మెట్లు అటు లేవు, ఇటున్నాయి అని వాదించేవాడు ఒకడు ఉంటాడు. పేరు ఒక్క అక్షరం మార్చేస్తే వాడి నోరు మూతపడుతుంది.

జోకులు వేసేవాడి సంగతి బుర్రకథ ఎప్పుడో తేల్చింది. కథకుడి పక్కన హాస్యం వంత ఒకరుంటారు. కథ ఆపి, ఆ మాట విని, నవ్వించి, కథకుడే మళ్ళీ అందుకుంటాడు. అలాగే నవ్వనివ్వాలి, తర్వాత "ఈ మాట నీ పాత్ర అన్నదా, నువ్వన్నావా?" అని అడగాలి. పాత్రే అన్నదంటే ఎదుటి రాజు విన్నాడన్నమాట. రెండుసార్లు అడిగితే చాలు, మూడోసారి ఆచితూచి వేస్తాడు.

తోటివాళ్ళ సంచిలో దొంగతనం చేసి "మా పాత్ర అలాంటిది" అనే రకం మాత్రం నవ్వుతో పోదు. మొదటి రోజే, డైస్ ముట్టక ముందే, ఒకరి మీద ఒకరు చేసుకునేది ఇద్దరూ ఒప్పుకుంటేనే అని తేల్చుకోండి. భయం కథలకు జాన్ స్టావ్రోపోలస్ తెచ్చిన ఎక్స్ కార్డు మంచి పద్ధతి. ఇంటూ గుర్తు గీసిన అట్టముక్క బల్ల మధ్యలో ఉంటుంది, ఎవరు ముట్టుకున్నా ఆ సన్నివేశం దాటేస్తారు, కారణం అడగరు. మన దగ్గర "ఎందుకురా, ఏమైంది" అని అడగకుండా ఉండటమే కష్టం. ఆ అడగకపోవడం కుదరని గుంపుకు కార్డు పనిచేయదు.

ఏడు కావస్తుండగా యుద్ధం మధ్యలో ఉంటే హడావిడిగా ముగించకండి. చార్ట్ మీద కాయిన్లు ఎక్కడివక్కడ ఉండగా పైనుంచి ఫోటో తీయాలి, ఎవరి హిట్ పాయింట్లు ఎంతో, తర్వాతి వంతు ఎవరిదో అదే చార్ట్ మూల మీద పెన్సిల్‌తో రాయాలి, వచ్చే తేదీ పైకి చదవాలి. అప్పుడు కాయిన్లు లెక్కపెట్టి డబ్బాలో వేయండి. లేకపోతే మర్నాడు క్యారమ్స్‌కి కూర్చున్న పిల్లలు ఎర్రకాయిన్ కోసం మీకే ఫోన్ చేస్తారు.